చెప్పి పోయేవి, చెప్పకుండా పోయేవి



పొద్దున్నే కారును సర్వీసింగ్‌కు ఇచ్చి ఇంటికి వచ్చారనుకోండి. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నారు. ఫోను మోగింది. అవతల మెకానిక్. "సార్, ఆయిల్ మార్చినం, ఫిల్టర్లు మార్చినం. టైమింగ్ బెల్టు ఇప్పటికైతే మంచిగనే ఉన్నది. మార్చేద్దామా? దాంతోపాటు వాటర్ పంపు కూడ ఏసేద్దామా?"

మంచిగనే ఉన్నదంటాడు. మార్చేద్దామా అని కూడా అంటాడు. మీ చెయ్యి కంచంలో ఉంది. ఏం చెబుతారు?

కొందరు వెంటనే "వద్దు, నడుస్తోంది కదా, నడవనీ" అంటారు. కొందరు "అన్నీ మార్చెయ్, నా బండి దారిలో ఆగొద్దు" అంటారు. నేను మొదట్లో మొదటి రకం మనిషిని. తర్వాత రెండో రకం అయ్యాను. రెండుసార్లూ నష్టపోయాను. అందుకే ఇవాళ మీతో ఈ ఒక్క సంగతి మాట్లాడదామని వచ్చాను. కారు ఇంజన్‌లో ఇంకా చెడిపోని భాగాన్ని ముందే మార్చాలా, వద్దా?

నా మొదటి నష్టం చెబుతాను. మెదక్‌లోనే ఒకరి దగ్గర పాత చిన్న కారు కొన్నాను. అప్పటికే ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మినాయనకూ తెలియదు. సర్వీసింగ్‌లో మెకానిక్ అడిగాడు, మార్చేద్దామా అని. నడుస్తోంది కదా అన్నాను. నెల తిరగలేదు. అమ్మకు కళ్లు చూపించడానికి హైదరాబాద్ బయల్దేరాం. కౌడిపల్లి దాటాం. నర్సాపూర్ అడవిలోకి వచ్చాం. ఏ చప్పుడూ లేదు. పొగ లేదు. వాసన లేదు. ఇంజన్ ఆగిపోయింది. దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. అడవిలో, ఎండలో, డెబ్బై ఏళ్ల తల్లిని చెట్టు కింద కూర్చోబెట్టి బండి కోసం చూశాను. బెల్టు తెగింది. వాల్వులు వంగాయి. ఇంజన్ హెడ్ దించాల్సి వచ్చింది. బెల్టుకు పెట్టాల్సిన దానికి పది రెట్లకు పైగా పెట్టాను.

ఆ దెబ్బతో రెండో రకం మనిషినయ్యాను. తర్వాతి సర్వీసింగ్‌లో షెడ్డుకు వెళ్లి "పాతవి ఏవి ఉంటే అవి తీసెయ్" అన్నాను. రేడియేటర్ హోస్ పైపులు బాగానే ఉన్నాయి. అయినా మార్పించాను. ఆ కొత్త పైపుకు వేసిన క్లిప్పు సరిగా బిగించలేదు. మర్నాడు రామాయంపేట మీదుగా పోతుంటే, చేగుంట దగ్గరకు వచ్చేసరికి వేడి చూపించే ముల్లు పైకి ఎక్కింది. బానెట్ ఎత్తితే కూలెంట్ అంతా కారిపోయి ఉంది. అంతకు ముందు రోజు వరకు చుక్క కారని పైపు ఆ పాతది. నేనే డబ్బిచ్చి తీయించాను.

మొదటిసారి మార్చక చెడింది. రెండోసారి మార్చి చెడింది. మరి ఏది సరైంది?

ఈ ప్రశ్నకు జవాబు మా ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర దొరికింది. నలభై ఏళ్లుగా పానాలు పట్టిన చేతులు ఆయనవి. షెడ్డులో పిల్లలందరూ ఉస్తాద్ అంటారు. ఆయన మాట యథాతథంగా చెబుతాను. "సార్, చెప్పి పోయేదానికి ఆగొచ్చు. చెప్పకుంట పోయేదానికి ఆగొద్దు."

మళ్లీ చెబుతాను. చెప్పి పోయేదానికి ఆగొచ్చు. చెప్పకుండా పోయేదానికి ఆగకూడదు.

ఇంజన్‌లో కొన్ని భాగాలు పోయే ముందు చెబుతాయి. ఫ్యాన్ బెల్టు వదులైతే పొద్దున స్టార్ట్ చెయ్యగానే కీచుమంటుంది. ప్లగ్గులు అరిగితే బండి పికప్ తగ్గుతుంది, మిస్సింగ్ వస్తుంది. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు పోతే సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఆయిల్ సీల్ పోతే మీ వాకిట్లోనే నల్లటి చుక్క కనబడుతుంది. ఇవన్నీ మనకు గడువు ఇస్తాయి. చెప్పినప్పుడు వినాలి, వారం పది రోజుల్లో చేయించుకోవాలి. చెప్పకముందే పరుగెత్తనక్కర లేదు.

చెప్పకుండా పోయేది టైమింగ్ బెల్టు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఇంజన్ మొత్తాన్ని తనతోపాటు తీసుకుపోగలిగేది ఇదే.

మా చిన్నప్పుడు ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో దంచేవాళ్లు. మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఒక రోకలి పైకి లేస్తే ఇంకోటి కిందికి దిగేది. ఒకటి దిగితే ఇంకోటి లేచేది. మాట్లాడుకుంటూనే దంచేవాళ్లు, లయ తప్పేది కాదు. లయ తప్పిందా, రోకలికి రోకలి తగులుతుంది. ఇంజన్‌లో కూడా అంతే. కింది నుంచి పిస్టన్ పైకి వస్తుంది. పై నుంచి వాల్వు కిందికి దిగుతుంది. రెండింటికీ చోటు ఒక్కటే. ఒకటి వచ్చే వేళకు ఇంకోటి తప్పుకోవాలి. ఆ లయను పట్టి ఉంచేది టైమింగ్ బెల్టు. పళ్లున్న రబ్బరు పట్టీ. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. సెకనుకు 25 సార్లు! ఆ వేగంలో పట్టీ తెగితే వాల్వు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పిస్టన్ మాత్రం ఆగదు. వచ్చి కొడుతుంది. నర్సాపూర్ అడవిలో నా బండికి జరిగింది అదే.

అన్ని ఇంజన్లలోనూ వాల్వు, పిస్టన్ తగిలేంత దగ్గరగా ఉండవు. కొన్నింటిలో బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతే. చాలా వాటిలో తగులుతాయి. మీది ఏ రకమో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

ఈ బెల్టు ప్లాస్టిక్ మూత వెనక దాగి ఉంటుంది. చూస్తే నల్లగా నిగనిగలాడుతూ కనిపించవచ్చు. అయినా లోపలి పోగులు అలిసిపోయి ఉండవచ్చు. అందుకే "ఇప్పటికైతే మంచిగనే ఉన్నది" అన్న మాటకు టైమింగ్ బెల్టు విషయంలో విలువ తక్కువ. దీన్ని చూసి కాదు, లెక్క చూసి మార్చాలి. ఎంత లెక్క? మీ కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని ఇంజన్లకు 60,000 కిలోమీటర్లు, కొన్నింటికి లక్ష, ఇంకా పైన. కిలోమీటర్ల లెక్కతోపాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. అది మరిచిపోవద్దు. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నా రబ్బరు ముదురుతుంది. రిటైరైన మాస్టారి కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా దాని బెల్టుకు వయసు వస్తూనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేదా? అయితే మార్చలేదనే అనుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

అందరి కార్లకూ బెల్టు ఉండదు. మారుతి 800, పాత శాంత్రో, డీజిల్ ఇండికా, ఇవి బెల్టు బండ్లు. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజన్లకు, డీజిల్ స్విఫ్ట్‌కు ఇనప చైను. చైను బెల్టులా హఠాత్తుగా పోయే రకం కాదు. అది చెప్పి పోయే రకం. సాగినప్పుడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే గలగలమంటుంది. ఆ గలగల వినబడితే ఆలస్యం చేయవద్దు. వినబడకపోతే దాని జోలికి పోవద్దు. చైను బతికేది ఆయిల్ మీద. చైను బండి ఉన్నవాళ్లు భాగాల మీద పెట్టే డబ్బు వేళకు ఆయిల్ మార్చడం మీద పెడితే చాలు.

మరి ఫోనులో మెకానిక్ అడిగిన రెండో మాట? వాటర్ పంపు కూడా వేసేద్దామా అన్నాడు. వాటర్ పంపు చెప్పి పోయే భాగమే. కారుతుంది, బేరింగ్ గరగరమంటుంది. మరి ఆగొచ్చు కదా?

దీనికి జవాబు మన రైతులకు బాగా తెలుసు. చేలో బోరుబావి మోటారు కాలింది. పైకి తీయాలి. మనుషులు కావాలి, బండి కావాలి, పైపులన్నీ ఒక్కొక్కటి విప్పాలి. ఒక రోజు పని. అంత కష్టపడి మోటారు బయటికి తీశాక రైతు ఏం చేస్తాడు? ఉత్త వైండింగ్ చేయించి మళ్లీ దించడు. బుష్షులు చూస్తాడు. కేబుల్ జాయింటు చూస్తాడు. మర అరిగిన పైపు ఉంటే ఇప్పుడే మారుస్తాడు. ఎందుకు? మళ్లీ తీయాలంటే సామానుకంటే తీత కూలి ఎక్కువ కాబట్టి.

ఇంజన్‌లో కూడా అదే లెక్క. చాలా బెల్టు ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది ఈ టైమింగ్ బెల్టే. పంపు మార్చాలంటే బెల్టు విప్పాలి. పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. కాబట్టి మీ ఇంజన్ అలాంటిదైతే బెల్టుతోపాటు టెన్షనర్, పంపు మార్చేయండి. అలాగే క్లచ్ ప్లేటు కోసం గేరుబాక్సు దించారనుకోండి. రిలీజ్ బేరింగ్ బాగానే ఉన్నా మార్చడమే మేలు. దించిన కూలి ఎలాగూ ఇచ్చారు. ఫోనులో మెకానిక్‌ను ఇలా అడగండి: "ఇది ఇప్పుడు మార్చకపోతే, తర్వాత మార్చడానికి ఇవన్నీ మళ్లీ విప్పాలా?" విప్పాలి అంటే మార్చండి. విప్పనక్కర లేదు, పది నిమిషాల పని అంటే ఆగండి.

ఇప్పుడు నా రెండో నష్టం సంగతికి వద్దాం. బాగున్న పైపును తీయించి చెడగొట్టుకున్నాను కదా. అది నా ఒక్కడి దురదృష్టం అనుకునేవాణ్ణి. కాదట. ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధంలోనే దీన్ని లెక్క కట్టి చూశారు.

బ్రిటన్ వైమానిక దళంలో కోస్టల్ కమాండ్ అని ఒక విభాగం ఉండేది. సముద్రం మీద ఎగురుతూ జర్మనీ జలాంతర్గాములను వెతకడం వాళ్ల పని. విమానాలు సగం రోజులు మరమ్మతుల్లోనే ఉండిపోతున్నాయని శాస్త్రవేత్తల బృందాన్ని పిలిచారు. వాళ్లలో వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త ఒకరు. విమానాలకు 50 గంటలకు ఒకసారి తనిఖీ ఉండేది. విప్పి, చూసి, బిగించి పంపేవాళ్లు. తనిఖీ అయ్యాక మరమ్మతులు తగ్గాలి కదా? తగ్గలేదు. తనిఖీ అయిన వెంటనే పెరిగాయి. తర్వాత గంటలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. అంటే బాగా నడుస్తున్నదాన్ని విప్పినప్పుడే కొత్త లోపాలు లోపలికి వస్తున్నాయి. వాడింగ్టన్ ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. అది 1973లో వచ్చింది.

తర్వాత 1978లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నోలన్, హీప్ ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. విమాన భాగాల్లో నూటికి 89 భాగాలకు, ఇన్ని గంటలు తిరిగితే తీసెయ్యాలి అని గడువు పెట్టడం వల్ల మేలు లేదని తేల్చారు. మిగిలిన 11కే అది పనికొచ్చేది. కొత్త భాగానికి బాలారిష్టాలు ఉంటాయి. తయారీలో లోపం ఉండవచ్చు, బిగింపులో లోపం ఉండవచ్చు. బాగా నడుస్తున్న పాతది ఆ గండాలన్నీ దాటి వచ్చింది. విమానం వేరు, కారు వేరు, నిజమే. కానీ పానా పట్టిన చెయ్యి రెండు చోట్లా మనిషి చెయ్యే. మన టైమింగ్ బెల్టు ఆ 11లో చేరేది. నా హోస్ పైపు ఆ 89లో చేరేది.

దీన్నుంచి నేను నేర్చుకున్న అలవాటు ఒకటి మీకు చెప్పాలి. ప్రయాణానికి ముందు రోజు సర్వీసింగ్ చేయించవద్దు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పిల్లాపాపలతో బయల్దేరుతారు. క్రిస్మస్‌కు మన మెదక్ చర్చికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తాయి. శబరిమల పోయేవాళ్లుంటారు. అందరూ ముందు రోజే షెడ్డుకు పరుగెత్తుతారు. వారం ముందే చేయించండి. తర్వాత నాలుగు రోజులు ఊళ్లోనే తిప్పండి. క్లిప్పు వదులైతే ఇంటి దగ్గరే తెలుస్తుంది, చేగుంట దగ్గర కాదు. మళ్లీ చెబుతున్నాను, వారం ముందు. ముందు రోజు కాదు.

బండిని ఎప్పుడు ఇవ్వాలో చెప్పాను. ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలో మన ఆర్టీసీని చూసి నేర్చుకోవాలి. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సంస్థ అది. ఇన్నేళ్లుగా ఈ రోడ్ల మీద బండ్లు నడపడంలో దానికున్న అనుభవం మరొకరికి లేదు. డిపోలో డ్రైవరు దిగేటప్పుడు బండిలో ఏ తేడా ఉందో చెప్పి పోతాడు. రాత్రి మెకానిక్ అదే చూస్తాడు. రోజంతా ఆ సీటులో కూర్చున్న చెవి విన్నది మెకానిక్‌కు అందాలి. మన కారుకు డ్రైవరూ మనమే, డిపోలో చెప్పాల్సిందీ మనమే. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు "జనరల్ సర్వీస్ చెయ్" అని తాళం ఇచ్చి రావద్దు. "పొద్దున చప్పుడు వస్తోంది, ఎక్కేటప్పుడు లాగడం లేదు" అని విడమరిచి చెప్పండి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు సంగతులు. దుమ్ము, నీళ్లు.

వానకాలం పంటకూ యాసంగి పంటకూ కోతలప్పుడు మన రోడ్లు చూస్తారు కదా. హార్వెస్టర్లు తిరుగుతుంటాయి, రోడ్డు పక్కనే వడ్లు ఆరబోస్తారు. గాలి నిండా పొట్టు, దుమ్ము. కారు పుస్తకంలో రెండు రకాల గడువులుంటాయి. మామూలు రోడ్ల మీద తిరిగే బండికి ఒకటి, దుమ్ములో తిరిగే బండికి, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఇంకోటి. మనలో చాలామందికి వర్తించేది ఆ రెండోది. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ కాస్త ముందే మార్చండి. అలాగని ఎయిర్ ఫిల్టర్‌ను వారం వారం తీసి దులపవద్దు. తీసిన ప్రతిసారీ లోపలికి దుమ్ము రాలే అవకాశం ఉంది. సరిగా కూర్చోకపోతే పక్క సందులోంచి దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతుంది.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఇంట్లో నీళ్లు కాగబెట్టే హీటర్ కాయిల్ మీద తెల్లటి పెంకు కడుతుంది, చూశారా? మన బోరు నీళ్లలోని సున్నం అది. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే అదే పెంకు రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉంటుంది. అది కాలంతోపాటు అయిపోతుంది. అయిపోయినట్టు మనకు చెప్పదు. రంగు బాగానే ఉంటుంది. కాబట్టి కూలెంట్ కూడా చెప్పకుండా పోయేదే. గడువు ప్రకారం మార్చండి. బోరు నీళ్లు పోయవద్దు.

ఇంకొకటి. మన ఎండలకు అవసరం లేదని కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ పీకేస్తారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఇంజన్ తగినంత వేడెక్కక అరుగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. పాడైతే కొత్తది వేయించండి.

ఇంజెక్టర్లు, స్టార్టరు, ఆల్టర్నేటరు, టర్బో, వీటిని ఊహ మీద మార్చవద్దు. పరీక్ష చేయమనండి. ఇంజన్ ఫ్లష్ లాంటివి చెబితే, కంపెనీ పుస్తకంలో ఉందా అని అడగండి. లేకపోతే ఆ డబ్బు మంచి ఆయిల్‌కు పెట్టండి. ఏ భాగం మార్చినా పాతది చేతికి ఇమ్మని అడగండి. నిజాయితీగల మెకానిక్ అడగకముందే చూపిస్తాడు. బిల్లు మీద భాగం పేరు, ఆ రోజు కిలోమీటర్లు రాయించండి.

వాల్వులు వంగిన ఆ కారును ఉస్తాదే బాగుచేశాడు. బెల్టు, టెన్షనర్, పంపు, అన్నీ కొత్తవి వేశాడు. చివర్లో చిన్న తెల్ల స్టిక్కరు తీసి, దాని మీద తేదీ, కిలోమీటర్లు రాసి, బానెట్ కింద మూత మీద అంటించాడు. "నాకెందుకు, గుర్తుంటుంది" అన్నాను. "మీ కోసం కాదు సార్, మీ తర్వాత నడిపేటోళ్ల కోసం" అన్నాడు.

కొన్నేళ్లకు ఆ కారు అమ్మేశాను. పోయినేడు దాన్ని కొన్నాయన ఫోన్ చేశాడు. "సార్, బానెట్ కింద స్టిక్కరు చూసిన. ఈ లెక్కన యాసంగి కోతలయ్యేసరికి బెల్టు మార్చాలె గదా?"

"అవును, పంపుతో సహా మార్చండి" అన్నాను.